రెండు టన్నుల కారుకి రెండు లీటర్ల ఇంజనేనా? బరువు ముందా, ఇంజన్ ముందా?

నయీంనగర్_చౌరస్తా (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా బావకు కరీంనగర్ దగ్గర గ్రానైట్ వ్యాపారం. పన్నెండేళ్లుగా ఒకటే బండి, మెర్సిడెస్ ఈ-క్లాస్ 350 సీడీఐ, మూడు లీటర్ల వీ-6 (ఆరు సిలిండర్ల) డీజిల్. ఇప్పుడు మార్చే ఆలోచనలో ఉన్నాడు. పోయిన ఆదివారం నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లాడు, కొత్త లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం పెంచిన) ఈ-క్లాస్ 220డీ, బీఎండబ్ల్యూ 530ఎల్ఐ రెండూ చూసొచ్చాం.

లోపల కూర్చున్నంతసేపు బావ బాగానే ఉన్నాడు. వెనక సీట్లో కాళ్లు చాపినా ముందు సీటు తగలట్లేదని మురిసిపోయాడు. తర్వాత బానెట్ ఎత్తమన్నాడు. పైన నల్లటి ప్లాస్టిక్ కవర్, దాని కింద ఇంజన్ వెనక గోడ వైపు జరిగి కూర్చుని ఉంది, రేడియేటర్‌కి ఇంజన్‌కి మధ్య నా అరచెయ్యి సులువుగా దూరేంత ఖాళీ. రెండు లీటర్ల ఇంజన్ అని చెప్పగానే బావ మొహం మారిపోయింది. "ఏందిరా బామ్మర్దీ, మనోళ్ల హారియర్‌లో కూడా రెండు లీటర్లే కదా, దీనికి నాలుగింతల డబ్బు దేనికి పెట్టాలె" అన్నాడు. షోరూం అబ్బాయి ఓపిగ్గానే హార్స్‌పవర్, టార్క్ అన్నీ చెప్పాడు కానీ బావ అనుమానం తీరలేదు. నిజం చెప్పాలంటే నాదీ తీరలేదు.

నాకు కావాల్సింది ఏమిటంటే, బండి ప్రతిసారీ పొడవూ బరువూ పెరుగుతోంది, ఇంజన్ మాత్రం చిన్నదవుతోంది, ఇది ఎలా కుదురుతోంది? డిజైన్ చేసేటప్పుడు ముందు బరువు అనుకుని దానికి తగ్గ ఇంజన్ పెడతారా, ఇంజన్ అనుకుని బండిని దాని చుట్టూ కడతారా? ఇంజన్‌లో తగ్గిన బరువు ఎక్కడికి పోయింది? "పవర్ సరిపోతుంది బ్రో" అని ఒక్క ముక్కలో కాకుండా కాస్త వివరంగా చెప్పండి. బావకు చదివి వినిపించాలి.

హంటర్‌రోడ్_స్పానర్

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా గ్యారేజ్ నడుపుతున్నా, అందులో పదేళ్లకు పైగా జర్మన్ బండ్లే ఎక్కువ. మీ బావగారికి ముందు ఒక మాట చెప్పు, ఆయన అనుమానం ఉత్తదేం కాదు. ఆయన పాత 350 సీడీఐ 500 న్యూటన్ మీటర్లు దాటిన టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. కొత్త 220డీ 440 ఇస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే వెన్ను సీటుకి అతుక్కునే ఆ లాగుడు కొత్తదాంట్లో అంత ఉండదు, దాచడానికేం లేదు. ఆ లాగుడే కావాలంటే ఇప్పుడు 450 తీసుకోవాలి, మూడు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్, 381 హార్స్‌పవర్.

కానీ సీసీ చూసి ఇంజన్‌ను తూచే రోజులు పోయాయి. సీసీ అంటే సిలిండర్లలో పిస్టన్లు కిందా మీదా తిరిగే చోటు ఎంత అన్నదే. ఆ చోట్లోకి ఎంత గాలి తోస్తామన్నది వేరే లెక్క. పాత బీఎండబ్ల్యూ 330ఐ గుర్తుందా, ఎం54 ఇంజన్, టర్బో (గాలిని ఒత్తి లోపలికి తోసేది) లేని మూడు లీటర్లు, 231 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లు. మీరు చూసిన 530ఎల్ఐలో రెండు లీటర్లే, కానీ టర్బో ఉంది కాబట్టి 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు. లీటరు తగ్గింది, టార్క్ మూడోవంతు పెరిగింది. పైగా పాత ఇంజన్‌ను బాగా తిప్పితే తప్ప దాని బలం బయటికి రాదు, ఇది మెల్లగా పోతున్నప్పుడే ఇస్తుంది.

ఇక ఇంజన్ బరువు. 2016లో మెర్సిడెస్ తన నాలుగు సిలిండర్ల డీజిల్‌ను కొత్తగా చేసింది, ఓఎం654 అంటారు. అంతకు ముందుది 2143 సీసీ, ఇది 1950 సీసీ. పాతది 202.8 కిలోలు, కొత్తది 168.4 కిలోలు. బ్లాక్ అల్యూమినియం, పిస్టన్లు మాత్రం స్టీలు. నేర్చుకునేటప్పుడు అల్యూమినియం పిస్టన్, ఇనుప బ్లాక్ అని చదువుకున్న మాకు ఇది తలకిందులుగా అనిపించింది. మొదటిసారి ఒకటి విప్పినప్పుడు పిస్టన్ చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాను, అల్యూమినియం దానికంటే ఎంత పొట్టిగా ఉందో! వేడికి స్టీలు తక్కువ వ్యాకోచిస్తుంది, పొట్టిగా చేసినా తట్టుకుంటుంది, రాపిడి తగ్గుతుంది. ఇప్పుడు ఈ-క్లాస్‌లో వచ్చేది దాని తర్వాతి రూపం, 1993 సీసీ.

ముందు చక్రాల మీద ముప్పై, నలభై కిలోలు తగ్గితే ఏమవుతుందో నాకు బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు తెలుస్తుంది. ముక్కు బరువైన బండ్లకు ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) తొందరగా పోతాయి, ముందు టైర్లు అంచుల్లో అరుగుతాయి. మీ బావగారి పాత బిల్లులు తీసి చూడమను, ఎక్కువ ఖర్చు ముందు సస్పెన్షన్ దగ్గరే కనిపిస్తుంది.

ఆ అరచెయ్యి ఖాళీ సంగతి ఎవరైనా డిజైన్ తెలిసినవాళ్లు చెప్పాలి.

చకన్‌లో_ఓరుగల్లు

ఆ ఖాళీ సంగతి నేను చెప్తాను. వరంగల్ ఎన్‌ఐటీలో మెకానికల్ చదివి ఇప్పుడు పుణె దగ్గర చకన్‌లో ఒక విడిభాగాల కంపెనీలో పని చేస్తున్నా. నా పనే శబ్దం, వైబ్రేషన్ తగ్గించడం. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఒకే బాడీలో నాలుగు సిలిండర్ల 200, 220డీ రావాలి, ఆరు సిలిండర్లు వరసగా ఉన్న 450 కూడా రావాలి. బానెట్ పొడవు అన్నింట్లోకీ పొడవైన ఇంజన్‌ను బట్టి నిర్ణయిస్తారు. మీరు చూసిన ఖాళీ మిగతా రెండు సిలిండర్లు కూర్చునే చోటు. నాలుగు సిలిండర్లది పెట్టినప్పుడు దాన్ని వీలైనంత వెనక్కి, లోపలి గోడకు ఆనుకునేలా జరుపుతారు, అప్పుడు బరువు ముందు ఇరుసు మీద కాకుండా బండి మధ్యకు వస్తుంది. బీఎండబ్ల్యూ వాళ్లు ముందూ వెనకా సగం సగం బరువు అని ఎప్పటినుంచో పట్టుబట్టేది ఇందుకే. వోల్వో దీనికి ఎదురు దారి పట్టింది. 2014లో కొత్త ఎక్స్‌సీ90 తెచ్చినప్పుడు ఇక నాలుగు సిలిండర్లే, రెండు లీటర్లే అని తేల్చేసుకుని ఆ ప్లాట్‌ఫామ్ మొత్తం దాని కొలతకే కట్టింది. అంత పెద్ద ఏడు సీట్ల బండికి! ఆ ఒక్క నిర్ణయంతో ముందు మిగిలిన చోటు మనుషులకు పోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, బరువు ముందా ఇంజన్ ముందా. నా అనుభవంలో రెండూ కాదు. ముందు అనుకునేది వెనక సీట్లో మనిషికి ఏం వినిపించాలి, ఏం తగలకూడదు అన్నది. దానికి బరువు ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడినుంచి తేవాలన్నప్పుడు ఇంజన్ వైపు చూస్తారు.

ఎలా ఖర్చవుతుందో చూడండి. శబ్దాన్ని ఆపడానికి బరువైన పొరను మించింది లేదు, తేలికైన రేకు మోగుతుంది, బరువైనది మోగదు. రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో ఒక్క శబ్దం ఆపే సరుకే సుమారు 130 కిలోలు, కిటికీలకు రెండు పొరల అద్దం. అంటే ఇద్దరు మనుషుల బరువు వినపడకుండా చేయడానికే పోయింది. ఆ బరువు పెట్టగానే బ్రేకులు పెద్దవి కావాలి, పెద్ద డిస్క్ పట్టాలంటే పెద్ద చక్రం, ఆ చక్రం మోయడానికి దిట్టమైన ఆర్మ్‌లు, వాటిని పట్టుకునే సబ్‌ఫ్రేమ్ ఇంకా గట్టిగా. బరువు బరువును పిలుచుకుంటుంది. దీని ఆఖర్న ఫాంటమ్‌లో ఉన్నది 6.75 లీటర్ల వీ-12, 900 న్యూటన్ మీటర్లు, అదీ 1700 ఆర్‌పీఎం దగ్గరే. అంత పెద్ద ఇంజన్ పెట్టింది రేసుకి కాదు. రెండున్నర టన్నుల బండిని ఇంజన్ గొంతు పెంచకుండా కదిలించాలి, అంతే. పెద్ద ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, మెల్లగా తిరిగేది తక్కువ చప్పుడు చేస్తుంది.

దీనికి పూర్తిగా వేరే దారి పట్టిన బండి ఒకటుంది, నా దృష్టిలో ఈ విషయంలో అంత గొప్ప పని మళ్లీ జరగలేదు. 1989లో వచ్చిన లెక్సస్ ఎల్ఎస్ 400. దాని చీఫ్ ఇంజనీర్ ఇచిరో సుజుకి పెట్టుకున్న లక్ష్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకునేవి. గంటకు 250 కిలోమీటర్లు పోవాలి, అమెరికాలో ఎక్కువ పెట్రోల్ తాగే కార్ల మీద వేసే పన్ను పడకూడదు, అన్నింటికంటే నిశ్శబ్దంగా ఉండాలి. వేగానికి పెద్ద ఇంజన్ కావాలి, పెద్ద ఇంజన్ పెట్రోల్ తాగుతుంది, నిశ్శబ్దానికి బరువు కావాలి, బరువు మళ్లీ పెట్రోల్ తాగుతుంది. ఆయన చప్పుడు మీద దుప్పట్లు కప్పలేదు. చప్పుడు పుట్టే చోటే పట్టుకున్నాడు. నాలుగు లీటర్ల అల్యూమినియం వీ-8లో భాగాల కొలతలు మరింత ఖచ్చితంగా చేయించాడు. ఇంజన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాల వైపు బలం చేరవేసే కడ్డీ) వంకర లేకుండా ఒకే గీతలో ఉండేలా అమర్చాడు. గాలి నిరోధ గుణకం (ఇది ఎంత తక్కువైతే గాలి బండిని అంత తక్కువ ఆపుతుంది) 0.29, ఆ రోజుల్లో అంత పెద్ద సెడాన్‌కు అది మామూలు విషయం కాదు. నాకు ఉద్యోగంలో ఏ రోజైనా "ఇక్కడ ఇంకో కిలో ఫోమ్ అంటించేద్దాం" అనిపించినప్పుడు ఆయనే గుర్తొస్తాడు.

ఇక నాలుగు సిలిండర్ల ఇబ్బంది ఏమిటో కూడా చెప్పాలి. పిస్టన్ పైసగంలో తిరిగే వేగం, కిందిసగంలో తిరిగే వేగం ఒకటి కాదు. అందువల్ల నాలుగు సిలిండర్లలో ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు వణుకు పుడుతుంది. దాన్ని చంపడానికి కింద రెండు బ్యాలెన్స్ షాఫ్ట్‌లు రెట్టింపు వేగంతో తిప్పుతారు. వరసగా ఆరు సిలిండర్లు ఉంటే ఆ వణుకు దానికదే కొట్టుకుపోతుంది, వీ-12 అంటే అలాంటి ఆరు రెండు జతచేసినట్టు. అందుకే నాలుగు సిలిండర్ల లగ్జరీ బండిలో ఇంజన్ మౌంట్లు, వెనక గోడ పొరలు, గేర్‌బాక్స్ ట్యూనింగ్ మీద అంత శ్రమ పడతారు. మీ బావగారు కట్టే డబ్బులో పెద్ద భాగం కనపడని ఈ పనికే. ఇంజన్ హారియర్ సైజే అనడం అంకె వరకే నిజం. దాని చుట్టూ జరిగిన పని వేరు.

ఇంకో సంగతి. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ రెండూ ఇప్పుడు ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ అన్న లెక్క మీద ఇంజన్లు చేస్తున్నాయి. మూడు కలిపితే 1.5, నాలుగు కలిపితే 2.0, ఆరు కలిపితే 3.0. అందుకే ఎక్కడ చూసినా అవే అంకెలు.

ఇంజన్‌లో తగ్గిన బరువు ఎక్కడికి పోయిందని అడిగారు కదా. మీ బావగారి పాత ఈ-క్లాస్ వీల్‌బేస్ 2874 మి.మీ., కొత్తది 3094. తేడా 220 మి.మీ., అంటే జానెడు. మీ బావ చాపిన కాళ్లు ఆ జానెడులోనే ఉన్నాయి. ఆ జానెడుకు కావాల్సిన స్టీలు, పొడుగు తలుపులు, పెద్ద గ్లాస్ రూఫ్, సీటు మోటార్లు, 48 వోల్టుల బ్యాటరీ, అన్నీ తూకంలో పడేవే.

ఆఖరికి మన ఊరి సంగతి ఒకటి. రామప్ప గుడి కట్టినవాళ్లు కింద ఇసుక పునాది మీద రాయి పెట్టి, పైన శిఖరానికి మాత్రం నీళ్లలో తేలే ఇటుకలు వాడారు కదా. 2015లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ పై భాగంలో, రూఫ్ బీమ్‌లలో, పిల్లర్లలో కార్బన్ ఫైబర్ పెట్టి బండి మొత్తం మీద 130 కిలోల దాకా తగ్గించినప్పుడు నాకు వెంటనే పాలంపేటలోని ఆ రామప్ప గుడే గుర్తొచ్చింది. ఎంత తగ్గించారన్నదానికంటే ఎత్తులో తగ్గించారన్నది గొప్ప. పైన తేలికైతే బండి మలుపులో ఊగదు.

సుబేదారి_ఆడిటర్

ఇంజనీర్ సార్ చెప్పినవన్నీ సరే, కానీ ఇంజన్ సైజు డ్రాయింగ్ బల్ల మీదే తేలుతుందని అనుకోవద్దు. సగం పన్ను గీతల దగ్గర తేలుతుంది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు సిలిండర్ వెడల్పును బట్టి పన్ను వేసేవాళ్లు, దాంతో అక్కడి కంపెనీలు ఏళ్ల తరబడి సన్నగా పొడుగ్గా ఉండే సిలిండర్లే చేశాయి. ఇటలీలో రెండు లీటర్లు దాటితే పన్ను భారీగా ఉండేది. ఫెరారీ లాంటి కంపెనీ 1975లో ఆ దేశం కోసం రెండు లీటర్ల వీ-8 తో 208 అనే కారు చేసింది. చైనాలో సీసీని బట్టి వినియోగ పన్ను, ఒక లీటరు లోపు 1 శాతం నుంచి నాలుగు లీటర్లు దాటితే 40 శాతం దాకా ఉంటుంది. మూడు లీటర్ల దగ్గర 12 నుంచి ఒక్కసారి 25కి దూకుతుంది. ప్రపంచంలో లగ్జరీ కార్లకు అంత పెద్ద మార్కెట్ అలా ఉన్నప్పుడు నాలుగు లీటర్ల ఇంజన్ ఎవరు ముందు పెట్టుకుంటారు?

మన దగ్గర కూడా. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లో 2000 సీసీ, ఆపైన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. నెల తిరగ్గానే మహీంద్రా స్కార్పియోకి, ఎక్స్‌యూవీ500కి 1.99 లీటర్ల ఇంజన్ దింపింది. 2016 ఆగస్టులో ఒక శాతం సెస్సుతో ఆ ఆంక్ష ఎత్తేశారు కానీ రెండు లీటర్ల లోపు ఉంటే మంచిదన్న భయం మిగిలిపోయింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకు ముందు పెద్ద కార్లకు 28 శాతం, దాని మీద 20 లేదా 22 శాతం సెస్సు. ఇప్పుడు సెస్సు లేదు, ఒకటే 40 శాతం. నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ లోపు ఉన్న చిన్న కార్లకే 18. కాబట్టి మీ బావగారికి 220డీ అయినా 450 అయినా జీఎస్టీ శాతం ఒకటే. సీసీ తగ్గించుకుంటే పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎలక్ట్రిక్ అయితే 5 శాతమే, పైగా మన తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. కోటి రూపాయల బండికి అదెంత డబ్బో లెక్క వేసుకోండి. ఇంజనే లేని బండికి ఇంత రాయితీ ఇస్తున్నప్పుడు కంపెనీలు కొత్త పెద్ద ఇంజన్ మీద డబ్బు పెడతాయా?

యూరప్‌లో ఇప్పుడు గీత సీసీ నుంచి బరువు మీదకు జరుగుతోంది. ఫ్రాన్స్ 2022లో 1800 కిలోలు దాటిన కార్లకు కిలోకి 10 యూరోల చొప్పున మొదలుపెట్టింది, 2024లో ఆ గీతను 1600కి దించింది. పారిస్‌లో బరువైన కార్లకు పార్కింగ్ ధర మూడింతలు చేశారు. రేపటి డిజైన్‌ను మార్చేది ఇదేనని నా నమ్మకం.

తేలిక_బండి

ఇక్కడ అందరూ బరువును మెచ్చుకుంటున్నట్టుంది, నాకు మనసు ఒప్పడం లేదు. నేను చిన్నప్పుడు పోస్టర్ అంటించుకున్న బీఎండబ్ల్యూ ఎం5 (ఈ39 అనే పాత తరం) దాదాపు 1800 కిలోలు, 400 హార్స్‌పవర్. ఇప్పటి ఎం5 హైబ్రిడ్ 727 హార్స్‌పవర్, కానీ 2400 కిలోలు దాటింది. మెర్సిడెస్ సీ63లో వీ-8 తీసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్లు, మోటారు, బ్యాటరీ పెట్టారు. 680 హార్స్‌పవర్, 1020 న్యూటన్ మీటర్లు, కాగితం మీద బ్రహ్మాండం. బరువు 2100 కిలోలు దాటింది, ఆ వీ-8 గొంతు పోయింది. ఇంజన్ చిన్నది చేసి బండిని బరువు చేయడం ఏ లెక్కన ముందుకు పోవడం? ఆడి 1994లోనే ఏ8 బాడీ మొత్తం అల్యూమినియంతో చేసింది. 2012లో రేంజ్ రోవర్ అల్యూమినియంకి మారి అంతకు ముందు దానికంటే 420 కిలోల దాకా తగ్గింది. తగ్గించడం చేతకాక కాదు కదా!

చకన్‌లో_ఓరుగల్లు

సీ63 విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ బండి కొనేవాడికి గొంతే ముఖ్యం, అది తీసేశాక ఎన్ని అంకెలు పెంచినా నిండదు. కానీ వెనక సీట్లో కూర్చునే బండికి బరువు శత్రువు కాదు. ఖాళీ లారీ గుంతలో ఎలా ఎగిరెగిరి పడుతుంది, అదే లారీ మీద గ్రానైట్ బ్లాక్ ఎక్కాక ఎలా నిమ్మళంగా పోతుంది? ప్రశ్న అడిగిన తమ్ముడి బావగారికి ఇది నాకంటే బాగా తెలుసు. చక్రం బరువుతో పోలిస్తే దానిపైన ఉన్న బాడీ బరువు ఎంత ఎక్కువైతే కుదుపు అంత తక్కువ పైకి వస్తుంది. రోల్స్ రాయిస్ స్పెక్టర్‌లో దాదాపు 700 కిలోల బ్యాటరీని నేల కింద పెట్టి దాన్నే రోడ్డు చప్పుడు ఆపే పొరగా వాడుకున్నారు. మొత్తం బండి 2890 కిలోలు. అందులో ఇంజన్ సైజు అన్న ప్రశ్నే లేదు, బరువు మాత్రం ఉంది.

రాజీవ్_రహదారి

నమస్తే సార్లూ. నేను డ్రైవర్‌ని, కరీంనగర్‌లో ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్ల నుంచి చేస్తున్నా. ఇంజన్ లోపలి సంగతులు తెలియవు, స్టీరింగ్ దగ్గర ఏం తెలుస్తుందో చెప్తా.

మా సార్ దగ్గర ముందు ఆరు సిలిండర్ల డీజిల్, తర్వాత నాలుగు సిలిండర్ల పెట్రోల్, ఇప్పుడు పెద్ద ఎలక్ట్రిక్, రెండున్నర టన్నుల పైమాట. ఆరు సిలిండర్ల బండిలో సిద్దిపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేసినా వెనక సార్ నిద్ర చెడేది కాదు. నాలుగు సిలిండర్లది కూడా మామూలుగా పోతే అంతే, కానీ గట్టిగా తొక్కితే గొంతు మారుతుంది, సార్ ఒకసారి కళ్లు తెరిచి అద్దంలో నా వైపు చూసేవారు. నేను తొక్కే తీరు మార్చుకున్నా, ముందుగానే చూసుకుని మెల్లగా కాలు పెడితే చప్పుడు లేదు.

ఎలక్ట్రిక్‌ది అసలు చప్పుడే లేదు, సార్‌కి ప్రాణం. కానీ బరువు నాకు రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి బ్రేక్ దగ్గర. హుజూరాబాద్ నుంచి వరంగల్ వైపు వస్తుంటే ఎల్కతుర్తి దగ్గర బర్రెలు ఒక్కసారి రోడ్డెక్కాయి, బండి ఆగింది, బాగానే ఆగింది, కానీ అంత బరువు వెనక నుంచి తోస్తున్నట్టు నడుం దగ్గర తెలిసింది. అప్పటినుంచి ముందు బండికి దూరం ఎక్కువ వదులుతున్నా. రెండోది టైర్లు. పాత బండికి నలభై వేల కిలోమీటర్లు వచ్చేవి, దీనికి ఇరవై ఐదు వేలకే మార్చాం. ఒక చిన్న గుంతకే అల్లాయ్ లోపలి అంచు వంగింది. గాలి తగ్గిందని స్క్రీన్ మీద చూపిస్తే దిగి చూశా, బయటికి ఏమీ లేదు, చెయ్యి లోపలికి పెట్టి తడిమితే వేలికి వంపు తగిలింది.

సార్ కొంటానంటే నేను చెప్పేది ఒకటే, పెద్ద చక్రాలున్నది తీసుకోవద్దు.

హంటర్‌రోడ్_స్పానర్

డ్రైవర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికి వచ్చే వంగిన అల్లాయ్‌లలో ఎక్కువ లోపలి అంచువే, బయటి నుంచి చూస్తే కొత్త చక్రంలా ఉంటుంది.

టైర్ మీద అంకెలు చదవడం నేర్చుకోండి తమ్ముడూ. 225/55 ఆర్18 అంటే వెడల్పు 225 మి.మీ., అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు, అంటే దాదాపు 124 మి.మీ. అదే 245/40 ఆర్20 అయితే 98 మి.మీ. రెండు చక్రాల మొత్తం ఎత్తు ఒకటే, బయటి నుంచి నిలబడి చూస్తే రెండోది అందంగా ఉంటుంది, కానీ గుంతకీ అల్లాయ్‌కీ మధ్య ఉన్న రబ్బరు ఒక అంగుళం తగ్గింది. డిజైనర్లకు పెద్ద చక్రం ఎందుకిష్టమంటే బరువైన బండి పక్కభాగం లావుగా కనపడుతుంది, చిన్న చక్రం పెడితే ఎద్దుకి మేక కాళ్లు పెట్టినట్టుంటుంది. ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ నేల కింద ఉండి బండి ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఇంకా పెద్ద చక్రం కావాలి. ఈ బరువులకు మామూలు టైర్ చాలక 2021లో పిరెల్లి కొత్త రకం మొదలుపెట్టింది, టైర్ మీద సైజుకి ముందు హెచ్ఎల్ అని ఉంటుంది, అదే సైజు మామూలు టైర్ కంటే సుమారు 20 శాతం ఎక్కువ మోస్తుంది. అలాంటి టైర్ వచ్చిన బండికి ఊర్లో దొరికిందని మామూలుది వేయించవద్దు. ఈ ఒక్కటి మాత్రం దండం పెట్టి చెప్తున్నా.

నయీంనగర్_చౌరస్తా

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి బావకు మొత్తం చదివి వినిపించాను. గ్రానైట్ లారీ మాట దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు, "కరెక్ట్, ఖాళీ లారీలో క్వారీ దాకా పోతే నడుం విరుగుద్ది" అన్నాడు. రామప్ప ఇటుకల దగ్గర మా అక్క కూడా వచ్చి కూర్చుంది.

ఇవాళ మళ్లీ హైదరాబాద్ వెళ్లి 220డీ, 450 రెండూ నడిపి చూశాం. బావ ముందు తను నడిపాడు, తర్వాత నన్ను నడపమని వెనక కూర్చుని కళ్లు మూసుకున్నాడు. 220డీలో నేను కావాలనే ఒకసారి గట్టిగా తొక్కాను, అప్పుడు మాత్రం గొంతు వినపడిందన్నాడు. మామూలుగా పోయినప్పుడు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిందో నడుస్తోందో తేల్చలేకపోయాడు. 450 లాగుడుకి నవ్వాడు, అది పాత బండి నవ్వే. కానీ నెలకి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరుగుతాడు, అందుకని డీజిల్ వైపే మొగ్గుతున్నాడు. ఎలక్ట్రిక్ వద్దన్నాడు, క్వారీ దగ్గర చార్జింగ్ లేదు.

బండి చుట్టూ తిరిగి టైర్ దగ్గర కూర్చుని ఫోన్ లైట్ వేసి అంకెలు చదివించాడు. 18 అంగుళాలే. స్పానర్ అన్నా, ఒక్కటి అడగాలి. పాత బండికి ముందు టైర్లు అంచుల్లో అరిగేవని చెప్పారు కదా, బావ బిల్లులు తీసి చూస్తే అలాగే ఉంది. మరి కొత్తదానికి అలైన్‌మెంట్ ఎన్ని వేలకొకసారి చూపించాలి?

హంటర్‌రోడ్_స్పానర్

మన రోడ్లకు ఎనిమిది నుంచి పది వేలకొకసారి. క్వారీ రోడ్డు మీద రోజూ తిరిగితే ఐదు వేలకే చూపించండి, చూపించిన ప్రతిసారీ చక్రం విప్పించి లోపలి అంచు చేత్తో తడిమి చూడమనండి.